కంప్యూటర్ గదిలో రెండక్షరాలు

ఈ సంగతి జరిగినప్పుడు నాకు రాయడం రాదు. మాది పాలకుర్తి దగ్గర చిన్న పల్లె. అమ్మా నాన్నా కూలికి పోయేవాళ్లు, వాళ్ల వెనక నేను. ఊళ్లో బడి ఉంది గానీ కలుపుల రోజుల్లో, నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో ఆడపిల్లలకు అది లేనట్టే. మిగిలిన రోజుల్లో ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకోవాలి. పెళ్లయి వరంగల్‌కు వచ్చాక కూడా పలక ముట్టలేదు. యాభై ఏళ్లు దాటాక మా వాడలో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెడితే అక్కడ నేర్చుకున్నాను. మొదట్లో పేరు రాయడానికే ఒక పూట పట్టేది. ఇప్పుడు పేపరు చదువుతాను. ఈ కాగితాల్లో తప్పులు దిద్దింది అక్కడ చదువు చెప్పిన పంతులమ్మ. సంగతులు మాత్రం నావే.

అయితే అ, ఆల కంటే చాలా ముందే నాకు రెండు ఇంగ్లీషు అక్షరాలు వచ్చు. ఒకటి వై, ఇంకొకటి ఎన్. కంప్యూటర్ ఏదైనా అడిగితే వై కొడితే అవునని, ఎన్ కొడితే కాదని. నాకు వాటిని చూపించిన మనిషి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. నా కంటే పదిహేనేళ్లయినా చిన్నది. మట్టెవాడలో వాళ్ల నాన్నకు బట్టలు కుట్టే దుకాణం ఉండేది. మేం ఆమెను మేడం అనేవాళ్లం. ఎవరూ లేనప్పుడు నేను బిడ్డా అనేదాన్ని, ఆమె నన్ను ఎప్పుడూ చిన్నమ్మా అనేది.

నా భర్త మిల్లులో పని చేసేవాడు. మిల్లు నడిచిన రోజుల కంటే మూసిన రోజులు ఎక్కువయ్యాక నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఊడ్చే పనికి చేరాను. డెబ్భైల మధ్యలో అనుకుంటాను. నాకు కంప్యూటర్ గది అప్పజెప్పారు. మిగతా ఆడవాళ్లు ఆ గదికి పోవడానికి జంకేవాళ్లు. లోపల కరెంటు గోడల్లో కూడా పారుతుందని ఒకామె నమ్మకం. నాకూ భయమే, కానీ కొత్తదాన్ని, ఏరుకునే వీలు లేదు.

అప్పటి కంప్యూటర్‌కు తెర లేదు. గట్టి కాగితం కార్డులకు మిషన్‌తో చిల్లులు పొడిచి, ఆ కట్టలు దానికి తినిపించేవాళ్లు. చిల్లుల నుంచి రాలిన ముక్కలు బియ్యపు చిట్టు కంటే తేలిక. చీపురు తగిలితే ఎగిరేవి. తడిగుడ్డతో అద్ది తీయాలి. ఇంటికి పోయాక నా జుట్టులో, జాకెట్టులో, ఒకసారి చారులో కూడా తేలాయి. మా ఆయన గిన్నెలోకి చూసి, "కాలేజి పోపు పెట్టినవా" అన్నాడు.

విద్యార్థులు కట్టలు ఇచ్చి మరునాడు వచ్చేవాళ్లు. ఒక్క కార్డు వరుస తప్పినా పని మళ్లీ మొదటికి. ఒకనాడు ఒక పిల్లవాడి చేతిలోంచి కట్ట వరండాలో జారింది. ఎండాకాలం గాలిదుమారం. నేనూ అతనూ గన్నేరు చెట్ల మధ్య నుంచి ఏరాం. అన్నీ దొరికాయి, వరుస మాత్రం ఇద్దరికీ తెలియదు. అతను మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. ఈ మిషన్‌తో ఎవరి పనీ సుళువుగా కాదని నాకు ఆనాడే అర్థమైంది. అది మారుతుందని కొన్ని రోజులు నమ్మినదాన్ని కూడా నేనే.

ఎనభైలు సగం దాటాక కార్డులు పోయి కొత్త మిషన్ వచ్చింది. అద్దాల గది, ఏసీ, పచ్చ అక్షరాలు మెరిసే తెరలు. చెప్పులు బయట విడవాలి. ఎండాకాలంలో ఆ గది ఊడ్వడం నాకు ఎంత ఇష్టమంటే, ఊడ్చిందే ఊడ్చేదాన్ని.

ఆ మిషన్‌ను నడిపే ప్రోగ్రాం కంపెనీవాళ్లు తాళం వేసి ఇచ్చింది కాదట. లోపల ఎట్లా రాశారో మొత్తం తెరిచి ఇచ్చేవాళ్లట. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. ఒక కాలేజీవాళ్లు కొత్తగా ఏదైనా రాస్తే టేపుకెక్కించి ఇంకో కాలేజీకి పోస్టులో పంపేవాళ్లు. వాళ్లు దానికి కొంత చేర్చి మరొకరికి. మేడం ఇదంతా తర్వాత చెబితే తెలిసింది. అంతకుముందు నాకు కనబడిందల్లా ఒకటే, పళ్లెమంత టేపులు అట్టపెట్టెల్లో వచ్చేవి, బీరువాలో చేరేవి, నేను వాటి మీద దుమ్ము తుడిచేదాన్ని. వాటిని మిషన్‌కు ఎక్కించడం ఒక్క సారుకే తెలుసు. ఆయన బదిలీ మీద పోయాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లు ప్రయత్నం చేస్తే సగంలో ఆగేది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ సగంలో ఆగేది. పిల్లలు తలుపు దగ్గర నిలబడి అడిగేవాళ్లు.

"ఎక్కిందా సార్?"

"ఎక్కలే. రేపు రాండ్రి."

కొన్ని నెలలకు పిల్లలు అడగడం మానేశారు.

మేడం అట్లాంటప్పుడు వచ్చింది. ఏడాదికి పెట్టుకున్న ఉద్యోగం. ఏడాది తర్వాత హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చి చూస్తుందట. మిషన్ అందరికీ పనికొస్తోందని వాళ్లు ఒప్పుకుంటే మిషన్ ఇక్కడే ఉంటుంది, మేడం ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. లేకపోతే మిషన్‌ను హైదరాబాద్ తీసుకుపోతారు. మిషన్ లేని గదికి మేడం ఎందుకు? ఈ మాట పెద్దసారు ఆమెను చేర్చుకున్న రోజే, నేను బల్ల తుడుస్తుండగా చెప్పాడు. పెద్దసారంటే ఆ డిపార్టుమెంటు పెద్ద. ఆమె, "అట్లనే సార్, జర టైం ఇయ్యండ్రి" అంది.

ఆమె టేపులు ఒక్కొక్కటే తీసి చూసింది. ఏదీ ఎక్కించలేదు. రోజూ ఏదో రాసుకుంటూ కూర్చునేది. ఒకనాడు నేనే అడిగాను.

"ఎక్కియ్యక ఏం రాస్తానవు బిడ్డా?"

"చిన్నమ్మా, ఈ టేపుల వచ్చేటియి అన్నం కాదు, వడ్లు. ఎండబెట్టుకో, దంచుకో, చెరుగుకో, వండుకో అని ఇస్తరు. మంచిదే, వడ్లుంటె విత్తనాలకు గూడ పనికొస్తయి. కని ఆకలైనోడు వస్తే వడ్లు పెడ్తమా? అందరికి దంచుడు రాదు గద. నేను రాసేది ఏందంటే, ఇటు వడ్లు పోస్తే అటు అన్నం రావాలె. దంచుడు చెరుగుడు అంత అదే చూసుకోవాలె."

"గట్లాంటిది ఒకటి నా ఇంట్ల గూడ పెట్టు."

"పెడ్త. అప్పుడు నువ్వేం జేస్తవు?"

"కూసోని తింట."

ఆమె నవ్వితే పక్క గదికి వినబడేది.

అది కొంత తయారయ్యాక ఆమె నన్ను కుర్చీలో కూర్చోమంది. ఆ గదిలో నేను కుర్చీలు తుడిచానే గానీ కూర్చోలేదు. చీర కొంగుతో చేతులు మళ్లీ మళ్లీ తుడుచుకున్నాను.

"నాతోని ఏమైతది? పిల్లలను పిలువు."

"పిల్లలకు కొంత తెలుసు. నీకేం తెల్వదు. నువ్వు ఎక్కియ్యగలిగితే ఎవలైన ఎక్కిస్తరు."

"అంటే ఈ కాలేజిల అందరికన్న తెలివి తక్కువదాన్ని నేనని తేల్చినవు."

"తెలివి ముచ్చట కాదు చిన్నమ్మా. ఎవలకు సుళువు కావాల్నో వాళ్లను కూసోబెట్టి చూడాలె గద. నాకు నేను చూసుకుంటె అన్ని సుళువుగనే ఉంటయి."

టేపు మిషన్‌లో పెట్టడం చూపించింది. ఒక బొత్తాం చూపించింది. ఆ తర్వాత తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ఆమె పైకి చదివి తెలుగులో చెప్పేది. అవునంటే వై, కాదంటే ఎన్. రెండు అక్షరాల మీదా చుక్కలు పెట్టింది, వై మీద ఎర్ర గోరురంగు, ఎన్ మీద వేరే రంగు దొరకక నీలం సిరా. సిరా రెండు రోజుల్లో చెరిగిపోయింది. ఎవరూ మళ్లీ పెట్టలేదు.

మొదట్లో ఆ మిషన్ చాలా ప్రశ్నలు అడిగేది. ఎక్కడ పెట్టాలి, ఏ పేరుతో పెట్టాలి, ఎవరెవరు వాడతారు. నా వేలు గాలిలో ఆగితే ఆమె నా ముఖం చూడదు, వేలు చూస్తుంది. "ఇక్కడ ఆగినవు" అని తన బల్లకు పోయి ఏదో మార్చుకొచ్చేది. మర్నాటికి ఆ ప్రశ్న ఉండేది కాదు. నా వేలు ఆగిన చోటల్లా ఒక్కొక్క ప్రశ్న తీసేసింది. చివరికి నాలుగైదు మిగిలాయి, అన్నిటికీ వై కొడితే సరిపోయేవి. టేపు తిరగడం ఆగేది, తెర మీద ఒక వరుస వచ్చేది. "అయిపోయింది చిన్నమ్మా, ఎక్కింది" అనేది మేడం. నేను ఎక్కించిన మొదటి ప్రోగ్రాం కాగితం మీద పెద్ద పెద్ద అక్షరాలు అచ్చు కొట్టేది. దాంతో ఆమె నా పేరు తలుపంత పొడుగున కొట్టి ఇచ్చింది. నాకు చదవడం రాదు, ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. గోడకు తలకిందులుగా అంటించామని చాలా రోజుల తర్వాత కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినతను చెప్పాడు.

ప్రతిసారీ నన్ను కూర్చోబెట్టే ముందు ఆమె మిషన్‌లో ప్రోగ్రాములు ఎక్కే భాగం తుడిచి ఖాళీగా ఉంచేది. నేను ఒక్కనాడూ ఎన్ కొట్టలేదు. కొట్టే పని పడలేదు. ఇది నాకు గాని ఆమెకు గాని పెద్ద సంగతిగా తోచలేదు.

మెల్లగా పిల్లలు మళ్లీ రావడం మొదలుపెట్టారు. చివరి సంవత్సరం వాళ్లు తమ ప్రాజెక్టులన్నీ ఆ మిషన్‌లోనే చేసుకున్నారు. వరండాలో చెప్పుల జతలు పెరిగాయి. ఒకనాడు కుక్క ఒక చెప్పు ఎత్తుకుపోతే గది మొత్తం బయటికి ఉరికింది. ఆ గదిలో నేను చూసిన మంచి రోజులు అవే.

కమిటీ వచ్చే వారం పెద్దసారు మేడంను పిలిచాడు. నేను గది బయట గాజు తుడుస్తున్నాను.

"వాళ్ల ముందు ఎవర్ని కూసోబెడ్తవు?"

"చిన్నమ్మను సార్. ఆమెకే అలవాటు. ఆమె ఎక్కిస్తే ఇంక మాట్లాడేది ఏముంటది?"

"ఊడ్చేటామెనా? హైదరాబాద్ నుంచి పెద్దమనుషులు వస్తాంటే ఊడ్చేటామెను కుర్చీల కూసోబెట్టి మనం నిలబడ్తమా? మర్యాదగ ఉంటదా? మన ఆఫీసు సూపరింటెండెంట్ ఉన్నడు. ఆయనకు కంప్యూటర్ తెల్వదు, ఇంగ్లీషు వస్తది. ఆయనను కూసోబెట్టు."

ఆమె ఇంకేదో అంది. పెద్దసారు ఫోను ఎత్తుకున్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది. నాకు బాధ అనిపించిందా అంటే, నిజం చెప్పాలంటే, కొంత తేలిక కూడా అనిపించింది. పెద్దమనుషుల ముందు నా చేతులు ఆడేవి కావు.

సూపరింటెండెంట్ చాలా మంచి మనిషి. రిటైరయ్యే వయసు. చల్లని మాట, తెల్లని చొక్కా. ఎవరికీ కాదని చెప్పి ఎరగడు. అటెండర్లు ఆయన వెనక నవ్వుకునేవాళ్లు. "పెద్దసారు 'నువ్వు నిన్న సచ్చిపోయినవటగద' అన్నా, ఆయన 'అవును సార్' అంటడు" అని. ఆయన చెవిన పడినా ఆయన కూడా నవ్వేవాడు.

ముందురోజు పెద్దసారు గదికి వచ్చి మిషన్ చూశాడు. మేడం చూపించబోయే భాగం ఎప్పటిలాగే ఖాళీగా పెట్టింది.

"ఏమున్నయి ఇండ్ల?"

"ఏం లేవు సార్. రేపు ఎక్కించుడు చూపెట్టాలె గద, ఖాళీ చేసిన."

"ఖాళీ మిషన్ చూపెడ్తవా? ఇంటికి చుట్టం వస్తె ఖాళీ బిందె ఎదురు పెట్టినట్టు. పిల్లల ప్రాజెక్టులన్ని దీండ్లకు తే. నిండుగ కనబడాలె."

ఖాళీ బిందె ఎదురుపడకూడదని మాకు అందరికీ తెలుసు. నేను కూడా లోపల అవుననుకున్నాను. మేడం కొంచెం ఆలోచించింది. తర్వాత, "సరే సార్, ఫికర్ లేదు. లోపల ఏమన్న ఉంటె అది అడుగుతది, పాతయి తుడిచెయ్యాల్నా అని. ఎన్ కొడితె పాతయి ముట్టకుంట కొత్తది పక్కకు పోతది" అంది. ఆ ప్రశ్న ఆమె ఎప్పుడో రాసి పెట్టిందట. నేను ఒక్కసారీ వినలేదు. ఖాళీ మిషన్‌కు ఆ ప్రశ్నతో పని లేదు కదా.

ఆమె సూపరింటెండెంట్‌ను కూర్చోబెట్టి అంతా చెప్పింది. "ప్రశ్న వస్తె చదువుండ్రి సార్, ఆలోచించి కొట్టుండ్రి." ఆయన, "అట్లనే అమ్మా, అట్లనే" అన్నాడు. పిల్లల పని రెండు చోట్ల ఉంచే జాగా మిషన్‌లో లేదు, ఉన్నచోటు నుంచి తీసి ఈ భాగంలో పెట్టాల్సి వచ్చింది. దాన్ని ఇంకో టేపుకు ఎక్కించి దాచాలని ఆమె అనుకుంది. కానీ మంచి టేపు ఒక్కటే ఉంది, అది రేపు చూపించడానికి కావాలి. కొత్త టేపుల కోసం హైదరాబాద్‌కు రాసి నెలలైంది. రాలేదు.

మరునాడు కమిటీ వ్యానులో వచ్చింది. ఒక పెద్దాయన, కళ్లద్దాలు, కోస్తా మాట. ఇంకొకతను కుర్రవాడే, మాట్లాడకుండా చూసేవాడు. పెద్దసారు మంచి గడియ చూపించి పెట్టాడు. గడప దగ్గర కొబ్బరికాయ కొట్టారు. మిషన్ డబ్బా మీద కుంకుమ బొట్టు పెట్టారు. పళ్లెం పట్టుకున్నది మేడమే. కర్పూరం పొగకు ఏసీ గదిలో అందరికీ దగ్గు వచ్చింది.

సూపరింటెండెంట్ కుర్చీ అంచున కూర్చున్నాడు. మేడం ఆయన వెనక నిలబడబోతే కళ్లద్దాల ఆయన అన్నాడు.

"అమ్మాయ్, నువ్వు ఇటు రా. నువ్వు పక్కనుండి చెబితే ఇంక సులువేముంది? ఆయన్నే చెయ్యనీ. మాట్లాడొద్దు."

ఆమె వచ్చి తలుపు దగ్గర నా పక్కన నిలబడింది. వరండాలో చివరి సంవత్సరం పిల్లలు అద్దానికి ముఖాలు ఆనించి చూస్తున్నారు.

టేపు పెట్టాడు. బొత్తాం నొక్కాడు. ప్రశ్న వచ్చింది, వై కొట్టాడు. ఇంకొకటి, వై. కమిటీ పెద్దాయన తల ఊపాడు. పెద్దసారు ముఖం వెలిగింది. మేడం నా చేయి పట్టుకుంది. ఆమె చేయి చల్లగా ఉంది.

అప్పుడు ఆ ప్రశ్న వచ్చింది. సూపరింటెండెంట్ వేలు పెట్టి బడిపిల్లవాడిలా పైకి చదివాడు. మేడం వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. ఆమె నోరు తెరిచింది. కమిటీ పెద్దాయన వెనక్కి చూడకుండానే చేయి ఎత్తాడు. ఆమె ఆగింది.

సూపరింటెండెంట్ పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు కమిటీ వాళ్లను చూసి నవ్వుతూ తల ఊపుతున్నాడు. అది చూసి సూపరింటెండెంట్ కూడా చిన్నగా తల ఊపి, వై కొట్టాడు.

మిషన్ ఇంకోసారి అడిగింది. నిజమేనా అని. మేడం ఎంత జాగ్రత్త మనిషంటే రెండోసారి కూడా అడిగేట్టు రాసింది. ఆయన ఈసారి ఎవరి వైపూ చూడలేదు. గట్టిగా, మనసారా, వై కొట్టాడు.

ఆ తర్వాత ఏ అడ్డం రాలేదు. టేపు తిరిగింది, ఆగింది, వరుస వచ్చింది. ఎక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. మేడం ఒక్కతే కొట్టలేదు. ఆమె చేయి ఇంకా నా చేతి మీదే ఉంది కాబట్టి నేనూ కొట్టలేదు.

పెద్దసారు సంతోషంగా, "ఇప్పుడు మా పిల్లల ప్రాజెక్టులు చూపెడ్తం సార్" అన్నాడు.

మేడం కుర్చీలో కూర్చుంది. ఏదో కొట్టింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ కొట్టింది. ఆమెకు ముందే తెలుసు, అయినా కొట్టింది. వరండాలో పిల్లలకు మా అందరి కంటే ముందు అర్థమైంది. ఒకడు తలుపు తీసుకుని చెప్పులతోనే లోపలికి వచ్చాడు.

"మేడం, మాయి ఏడున్నయి?"

ఆమె కుర్చీలోంచి లేచింది.

"సంవత్సరమంత చేసినం మేడం. పరీక్షలు దగ్గరకొచ్చినయి."

పెద్దసారు అతన్ని బయటికి పంపాడు. అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

కమిటీ పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మెల్లగానే మాట్లాడాడు.

"సులువే అమ్మా. ఒప్పుకుంటాను. నేను చూసినవాటిలో ఇంత సులువైంది లేదు. ఎక్కించడమూ సులువే, తుడిచెయ్యడమూ సులువే. ఇలాంటిది అందరి చేతుల్లో ఎలా పెట్టమంటావు?"

"అడిగింది సార్. రెండుసార్లు అడిగింది."

"అడిగితే చాలా?"

 తెలిసినవాళ్ల చేతుల్లో ఉండడమే మంచిదని, మిషన్‌ను హైదరాబాద్ తీసుకుపోతామని ఆయన పెద్దసారుతో చెప్పాడు. గెస్ట్ హౌస్‌లో రాత్రికి ఉండి, పొద్దున వ్యానులోనే ఎక్కించుకుంటామన్నాడు. ఎట్లాగూ వ్యాను ఖాళీగానే పోతుంది కదా అన్నాడు.

సూపరింటెండెంట్ ఇంకా కుర్చీ పక్కనే నిలబడి ఉన్నాడు. అందరూ పోయాక మేడం దగ్గరికి వచ్చాడు.

"నేనేమన్న తప్పు జేసిన్నా అమ్మా?"

"లేదు సార్."

"చదివిన అమ్మా, నువ్వు చెప్పినట్టే చదివిన. కని కొబ్బరికాయ కొట్టినంక, హారతి ఇచ్చినంక, మొదటి పని మీదనే కాదు అని ఎట్ల కొడ్త? పెద్దలంత నిలబడ్డరు. నోట్లెకెల్లి గూడ రాని మాట, చేతితోని ఎట్ల వస్తది?"

ఆయన కళ్లల్లో నీళ్లు. మేడం ఆయనను బయటి దాకా పంపి వచ్చింది.

మా ఇళ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయి అనం, నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిందనం. గడప దాటేటప్పుడు పోతున్నా అనం, పోయొస్తా అంటాం. పని మొదట్లో లేదు, కాదు, వద్దు అనే మాటలు నోట రానివ్వం. ఇదంతా మేడంకు తెలియనిది కాదు. ఆమె ఇంట్లో కూడా అంతే. మిషన్ దగ్గర మనిషి వేరే మనిషి అయిపోతాడని ఆమె అనుకుంది. నేనూ అంతే అనుకున్నాను. ఆ కుర్చీలో నేనున్నా వై కొట్టేదాన్నే. నాకు చదవడం కూడా రాదు కాబట్టి ఇంకా తొందరగా కొట్టేదాన్ని.

సాయంత్రం ఆమె వరండా మెట్ల మీద కూర్చుంది. నేను చాయ్ తెచ్చి పక్కన పెట్టాను.

"తాగు బిడ్డా."

"అడిగితె సరిపోతదనుకున్న చిన్నమ్మా."

"మన దగ్గర ఎవల్నడిగినా అవుననే అంటరు."

"ఈ ముచ్చట ముందే ఎందుకు చెప్పకపోతివి?"

"అది చెప్పాల్సిన ముచ్చటని నాకేం తెలుసు?"

ఆమె తల ఊపింది. చాయ్ మీద మీగడ కట్టింది.

"మళ్ల రాయరాదా? గా ప్రశ్న తీసేసి రాయి. నా వేలు ఆగిన కాడ తీసేసినట్టు."

"ఏ మిషన్ మీద రాస్త?"

 ఆమె రాసిందంతా ఆ మిషన్ కోసం రాసింది. టేపు మీద ఒక ప్రతి ఉంది, అది కమిటీ వాళ్లు సంచిలో పెట్టుకున్నారు. ఎవరికైనా పంపుతారా, ఎవరైనా చదివి బాగు చేసుకుంటారా అని అడిగాను. ఆ ప్రోగ్రాములు ఊరూరా తిరుగుతాయని ఆమే కదా చెప్పింది.

"తిరిగేటియి పనికొచ్చినయి చిన్నమ్మా. పనికిరావని పేరు పడ్డయి బీరువాల ఉంటయి."

చీకటి పడకముందే వాళ్ల నాన్న సైకిల్ మీద వచ్చాడు. ఆమె వెనక కూర్చుంది. పోయొస్తా అనలేదు.  కప్పు నిండా చాయ్ అట్లాగే ఉంది, నేను చెట్ల మొదట్లో పోశాను.

ఆ తర్వాత ఆమెను నేను ఒక్కసారే చూశాను, మట్టెవాడలో, వాళ్ల నాన్న దుకాణంలో కాజాలు కుడుతుంటే. నన్ను చూసి నవ్వింది. బట్టలిచ్చేవాళ్లు ఉండడం వల్ల మాట్లాడలేదు. తర్వాత పోతే ఆ దుకాణంలో వేరేవాళ్లు ఉన్నారు. చివరి సంవత్సరం పిల్లల్లో కొందరు పరీక్ష తప్పారని విన్నాను, కొందరు పాత కాగితాలు చూసి ఎట్లాగో గట్టెక్కారట. సూపరింటెండెంట్ రిటైరయ్యే రోజు సన్మానంలో కూడా ఆ మాట ఎత్తుకుని ఏడ్చాడు. ఇవన్నీ తర్వాతి మాటలు.

మరుసటి రోజు పొద్దున నేను ఎప్పటి కంటే ముందే పోయాను. మేడం రాలేదు. మిషన్ పెట్టడానికి చెక్క పెట్టెలు దొరికాయి గానీ లోపల దన్నుకు ఏమీ లేదు. వ్యాను డ్రైవర్ గడ్డి ఉంటే తెమ్మన్నాడు. హాస్టల్ వెనక బర్రెల కొట్టం ఉంది, అక్కడ అడిగి రెండు మోపుల వరిగడ్డి తెచ్చాను. కుండలు పేర్చేటప్పుడు పరిచినట్టు అడుగున పరిచాను, పక్కల కూరాను. తెరల మీద నా పాత చీర కప్పాను. నలుగురు మనుషులు పెట్టెలు మోసుకుపోయారు. మెట్లు దిగేటప్పుడు జర మెల్లగ అని చెప్పాను. వ్యాను పోయాక గది నిండా, వరండా నిండా, మెట్ల మీద గడ్డిపరకలు. అవి ఊడ్చాను. డబ్బా ఉన్న చోట నేల మీద నలుచదరంగా రంగు తేలి ఉంది, దాన్ని తడిగుడ్డతో రెండుసార్లు తుడిచాను, పోలేదు. తాళం వేసి, తాళంచెవి పెద్దసారు బల్ల మీద పెట్టి, ఇంక నన్ను ఏ గది ఊడ్వమంటారో అడుగుదామని పక్కకు నిలబడ్డాను.